40 డిగ్రీల ఎండలో 100 మిల్లీమీటర్లు ఎంత?

ఏప్రిల్ దాటితే అనంతపురంలో రేకుల కప్పు కింద ఉన్న వర్క్‌షాపులో 40 డిగ్రీలు మామూలు విషయం. ఆ వేడిలో లేత్ (ముక్కను తిప్పుతూ కోసే యంత్రం) మీద ఒక అల్యూమినియం ముక్కను 100 మి.మీ. వ్యాసానికి తిప్పి, పక్కనే ఉన్న, మైక్రాన్ దాకా చూపే స్టీలు మైక్రోమీటరుతో కొలిచారనుకోండి. సరిగ్గా 100.000 చూపించింది. అదే ముక్కను, అదే మైక్రోమీటరును 20 డిగ్రీల ఏసీ గదిలో కొన్ని గంటలు ఉంచి మళ్లీ కొలిస్తే 99.977 వస్తుంది. ఎవరూ తప్పు చేయలేదు. డిగ్రీకి అల్యూమినియం మీటరుకు సుమారు 23 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సాగుతుంది, స్టీలు అందులో సగం, అంటే 11.5 మైక్రాన్లు. ఆ తేడాను 20 డిగ్రీలతో, 0.1 మీటరుతో గుణిస్తే 23 మైక్రాన్లు. అదే ముక్కకు డ్రాయింగులో హెచ్7 అనే తరగతి టాలరెన్స్ (ఒప్పుకునే తేడా) ఇచ్చి ఉంటే మనకున్న మొత్తం జాగా 35 మైక్రాన్లు. అందులో మూడింట రెండు వంతులు ఎండే తినేసింది.

డ్రాయింగు మీద రాసిన ప్రతి కొలతా 20 డిగ్రీల దగ్గరి కొలతే. ఇది అంతర్జాతీయ ప్రమాణం. మెట్రాలజీ పుస్తకం మొదటి అధ్యాయంలో ఒక్క వాక్యంగా ఉంటుంది. పరీక్షలో రెండు మార్కులకు కూడా రాదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కానీ ప్రొడక్షన్ టెక్నాలజీ అనే చదువు మొత్తం ఆ వాక్యం చుట్టూ తిరుగుతుంది. కొలతలో తేడా ఎంత వచ్చింది, ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చింది, అందులో ఎంత వరకు ఒప్పుకోవచ్చు. లేత్, ఫౌండ్రీ (లోహపు పోత), వెల్డింగు, నాణ్యత లెక్కలు అన్నీ ఈ మూడు ప్రశ్నలకే వేరువేరు జవాబులు.

సీమలో ఈ చదువుకు చోట్లకు కొదవ లేదు. అనంతపురం జేఎన్‌టీయూ ఇంజనీరింగు కళాశాల 1946 నాటిది, మొదట గిండీలో మొదలై తర్వాత ఇక్కడికి వచ్చింది. కర్నూలు జగన్నాథగట్టు మీద 2015లో మొదలైన ట్రిపుల్ ఐటీ డీఎం పేరులోనే డిజైన్, మాన్యుఫాక్చరింగ్ ఉన్నాయి. కడప, ప్రొద్దుటూరు, నంద్యాల వైపు కూడా మెకానికల్ బ్రాంచి ఉన్న కాలేజీలు చాలా ఉన్నాయి. బ్రాంచి పేరు ఎక్కడ ఏదైనా పాఠాలు అవే: లోహపు కోత, పోత, అతుకు, కొలత, ఆపరేషన్స్ రీసెర్చ్. డిప్లొమా చేసి ఈసెట్ రాసి నేరుగా రెండో ఏడాదిలో చేరే పిల్లలకు చేతిపని వచ్చు, లెక్కలు భయం. ఇంటర్ నుంచి వచ్చిన వాళ్లకు సరిగ్గా దీనికి తలకిందులు. ల్యాబ్ బ్యాచిలో ఒకరిద్దరు అటువాళ్లు, ఒకరిద్దరు ఇటువాళ్లు ఉండేలా చూసుకుంటే సగం కష్టం తీరుతుంది.

ముందు కొలత. లేత్ ముట్టుకోక ముందే ఇది రావాలని నా పట్టుదల, సిలబస్ మాత్రం ఎక్కువ చోట్ల దీన్ని మూడో ఏడాదికి నెడుతుంది.

ల్యాబ్‌లో ఉండే మామూలు మైక్రోమీటరు స్క్రూ పిచ్ (మరలో ఒక చుట్టుకూ పక్క చుట్టుకూ మధ్య దూరం) 0.5 మి.మీ., థింబుల్ (తిప్పే గొట్టం) మీద 50 గీతలు, కాబట్టి ఒక గీతకు 0.01 మి.మీ. కొలిచే ముందు రెండు మొహాలూ గుడ్డతో తుడిచి, మూసి, సున్నా చూడాలి. సున్నా దగ్గర 0.02 చూపిస్తే వచ్చిన కొలత నుంచి 0.02 తీసేయాలి. సున్నాకు కింద ఆగితే కలపాలి. ఇక్కడ పప్పులో కాలేసే వాళ్లే ఎక్కువ. థింబుల్‌ను పట్టుకుని బిగించకూడదు, చివర ఉన్న రాచెట్‌ను తిప్పి రెండు మూడు టిక్కులు వినాలి. ఫ్రేముకు అతికించిన ప్లాస్టిక్ పట్టీలు అందానికి కాదు, చేతి వేడి స్టీలుకు ఎక్కకుండా. చక్‌లోంచి (లేత్ మీద ముక్కను పట్టే బిగింపు) అప్పుడే తీసిన ముక్క 60 డిగ్రీల్లో ఉంటే, స్టీలుదైనా సరే, 40 డిగ్రీల మైక్రోమీటరుతో 100 మి.మీ. దగ్గర మళ్లీ అదే 23 మైక్రాన్ల మోసం జరుగుతుంది. చల్లారేదాకా ఆగడం కూడా ప్రాసెస్‌లో ఒక భాగమే, దానికీ టైము లెక్క రాసుకోవాలి.

వెర్నియర్‌తో వచ్చే తప్పు వేరే రకం. దాని స్కేలు ఒకచోట, కొలిచే ముక్క ఇంకోచోట ఉంటాయి. దవడల కొసన పెట్టి గట్టిగా నొక్కితే కదిలే దవడ కొద్దిగా వాలుతుంది, కొలత తక్కువ వస్తుంది. ముక్కను వీలైనంత స్కేలు దగ్గరికి, దవడల లోపలికి నెట్టి కొలవాలి. 0.02 లీస్ట్ కౌంటు (చూపగల అతి చిన్న కొలత) ఉంది కదా అని ఆ వెర్నియర్‌తో 35 మైక్రాన్ల టాలరెన్స్ తేల్చడానికి కూర్చోవద్దు. కొలిచే సాధనం టాలరెన్స్‌లో పదో వంతు వరకైనా చూపగలగాలి, అది ఎప్పటి నుంచో ఉన్న లెక్క.

సైన్ బార్ (ఒక కొస ఎత్తి కోణం పెట్టే స్టీలు పట్టీ) ప్రయోగం చాలామందికి తంతు. 200 మి.మీ. సైన్ బార్‌తో 15 డిగ్రీలు కావాలంటే ఎత్తు 200 × సైన్ 15 = 51.764 మి.మీ. దీన్ని 87 ముక్కల స్లిప్ గేజి (కచ్చితమైన మందం ఉన్న దిమ్మెలు) పెట్టెలోంచి కట్టాలి. చివరి అంకె నుంచి మొదలుపెట్టాలి: 1.004 తీస్తే 50.760 మిగిలింది, 1.26 తీస్తే 49.5, 9.5 తీస్తే 40. నాలుగు ముక్కలతో అయిపోయింది. ముక్కలు ఎన్ని పెరిగితే అతుకుల దగ్గర తప్పు అంత పెరుగుతుంది, అందుకే తక్కువ ముక్కల పంతం. 45 డిగ్రీలు దాటితే సైన్ బార్ వాడొద్దని ఎందుకు అంటారో వైవాలో అడిగితే నోరు తెరవరు. ఎత్తులో 10 మైక్రాన్ల తప్పు జరిగిందనుకోండి. 15 డిగ్రీల దగ్గర అది కోణంలో సుమారు 11 సెకన్ల (సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) తప్పు. 60 డిగ్రీల దగ్గర అదే 10 మైక్రాన్లు 21 సెకన్లు అవుతుంది. క్యాలిక్యులేటర్‌తో రెండు నిమిషాల పని, జన్మలో మర్చిపోరు.

ఇక లేత్. 25 మి.మీ. ఎంఎస్ (మైల్డ్ స్టీలు) రాడ్, హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీలు) టూల్, కోత వేగం నిమిషానికి 30 మీటర్లు అనుకుంటే స్పిండిల్ నిమిషానికి 382 తిరుగుళ్లు. లేత్ మీద ఆ అంకె ఉండదు, దగ్గరలో కిందిది పెట్టుకోవాలి. అదే వేగంలో ముక్కను 16 మి.మీ. దాకా తెచ్చారంటే కోత వేగం 19 మీటర్లకు పడిపోయిందన్నమాట. ఉపరితలం ఎందుకు గరుకుగా వస్తోందని టూల్‌ను మళ్లీ మళ్లీ సానపెట్టే ముందు ఇది చూసుకోండి.

అటు వేగం పెంచడంలోనూ ఒక లెక్క ఉంది. టేలర్ టూల్ లైఫ్ సూత్రంలో (వేగాన్ని, ఒక ఘాతానికి ఎత్తిన టూల్ ఆయుష్షును గుణిస్తే ఎప్పుడూ ఒకే అంకె) హెచ్ఎస్ఎస్‌కు ఆ ఘాతం సుమారు 0.125, కార్బైడ్‌కు 0.25. అంటే వేగం 20 శాతం పెంచితే కార్బైడ్ టూల్ ఆయుష్షు సగం అవుతుంది, హెచ్ఎస్ఎస్‌ది నాలుగో వంతుకన్నా కిందికి పోతుంది. పని తొందరగా అయిపోవాలని పుల్లీ మార్చి, ఆ ఆదా అయిన టైమంతా గ్రైండింగు చక్రం దగ్గర కూర్చునే వాళ్లకు ఈ లెక్క చాలు.

తిప్పిన ముక్క వంకర చూస్తే ఎక్కడ తప్పిందో చెప్పొచ్చు. చక్‌లో మాత్రమే పట్టిన పొడుగాటి ముక్కకు బయటి కొస లావుగా వచ్చిందంటే టూల్ ఒత్తిడికి కొస అవతలికి వంగింది. రెండు సెంటర్ల మధ్య తిప్పితే నడిమి భాగం పీపాలాగా ఉబ్బిందంటే అదీ వంగడమే. ఒక కొస నుంచి ఇంకో కొసకు సమంగా సన్నబడుతూ పోయిందంటే టెయిల్ స్టాక్ (ముక్క అవతలి కొసను ఆపే భాగం) పక్కకు జరిగి ఉంది. ఫేసింగ్‌లో (ముక్క కొస మొహాన్ని చదును చేయడం) నడిమధ్య చిన్న బొడిపె మిగిలిందంటే టూల్ మొన సెంటర్ ఎత్తులో లేదు. రికార్డులో ప్రతి ప్రయోగం చివర 'జాగ్రత్తలు' అని ఒకే ఐదు వాక్యాలు రాసే బదులు ఈ వంకర ఏదో, ఎంతో రాస్తే ఆ పేజీకి విలువ వస్తుంది.

మరలు కోయడంలోనే పిల్లలు ఎక్కువ ముక్కలు పారేస్తారు. ఎం16, పిచ్ 2 మి.మీ. మర అనుకుందాం. టూల్ ఉన్న క్యారేజిని జరిపే లీడ్ స్క్రూ పిచ్ 6 మి.మీ. అయితే గేర్ల నిష్పత్తి 2కు 6, అంటే 20 పళ్ల గేరు నడిపేది, 60 పళ్లది నడిచేది. ముక్కను 16కు కాకుండా 15.85 దాకా తిప్పుకోవాలి, కోసేటప్పుడు లోహం పక్కలకు ఒత్తుకుని కొన ఉబ్బుతుంది కాబట్టి. లోతు 0.6134 × 2, అంటే 1.23 మి.మీ. టూల్ మొన 60 డిగ్రీలు, సెంటర్ గేజి పెట్టి ముక్కకు లంబంగా నిలబెట్టాలి, లేకపోతే మర ఒక పక్కకు వాలుతుంది. స్పిండిల్ వేగం మామూలు టర్నింగ్‌లో మూడో వంతు చాలు. మొదటి కోత 0.25 ఇచ్చినా, తర్వాతవి తగ్గించుకుంటూ చివరికి 0.05 దాకా రావాలి. లోతుకు పోయేకొద్దీ టూల్ రెండు అంచులా లోహాన్ని పట్టుకుంటుంది, అదే లోతు ఇస్తే పెచ్చు రెండింతలు వెడల్పు అవుతుంది, మొన విరుగుతుంది.

ఇంకో చిక్కు హాఫ్ నట్, అంటే క్యారేజిని లీడ్ స్క్రూకు కలిపే నట్. పిచ్ 2 అయితే 6ను 2 నిశ్శేషంగా భాగిస్తుంది, హాఫ్ నట్‌ను ఎక్కడ వేసినా టూల్ పాత గాడిలోకే పోతుంది. కానీ ఎం20 మరకు పిచ్ 2.5. ఆరును రెండున్నర భాగించదు. క్యారేజి 30 మి.మీ. జరిగిన చోట మాత్రమే రెండూ మళ్లీ కలుస్తాయి. అందుకే అక్కడ హాఫ్ నట్ ఎప్పుడు వేయాలో చూపే చేజింగ్ డయల్ చూసి వేయాలి, లేదా హాఫ్ నట్ అసలు తీయకుండా టూల్ వెనక్కి లాగి స్పిండిల్‌ను వెనక్కి తిప్పాలి. నిన్న ఎం16కు డయల్ చూడకుండానే పని అయిపోయింది కదా అని ఇవాళ ఎం20కి అదే చేస్తే ఒక మరకు రెండు మరలు వస్తాయి.

సీఎన్‌సీ (కంప్యూటరు ప్రోగ్రాముతో నడిచే యంత్రం) గురించి ఒక్కటే చెప్తాను. కొన్ని కంట్రోళ్లలో సెట్టింగును బట్టి, ఎక్స్ 25 అని చుక్క లేకుండా కొడితే అది 25 మిల్లీమీటర్లు కాదు, 25 మైక్రాన్లు. టూల్ నేరుగా ముక్కలోకి దూరుతుంది. ప్రతి అంకె వెనక చుక్క పెట్టండి, మొదటిసారి సింగిల్ బ్లాక్‌లో (ఒక్కో వరస దగ్గర ఆగుతూ), ర్యాపిడ్ (కోత లేని పరుగు వేగం) తగ్గించి నడపండి.

ఫౌండ్రీకి వస్తే మళ్లీ మన ఎండే. పచ్చి ఇసుక అచ్చుకు సిలికా ఇసుకలో బెంటోనైట్ (ఒక రకం బంకమట్టి) 5 నుంచి 8 శాతం, నీళ్లు 3 నుంచి 5 శాతం. బెంటోనైట్ పొడిగా ఉండగానే ఇసుకతో బాగా కలిపి, ఆ తర్వాతే నీళ్లు చిలకరించాలి. ముందే నీళ్లు పోస్తే రాగిసంగటి సరిగా కెలకనట్టు ఉండలు కడుతుంది, అచ్చులో ఒకచోట బలం, ఒకచోట పొడి. పిడికిట పట్టి నొక్కి విరిస్తే అంచు పదునుగా విరగాలి, చేతికి అంటుకుంటే నీళ్లు ఎక్కువైనట్టు. చేతి పరీక్ష మంచిదే కానీ ఇక్కడి ఎండాకాలంలో అది గంటగంటకూ చేయాలి. పొద్దున 4 శాతం ఉన్న ఇసుక మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి పైపొర ఆరిపోయి ఉంటుంది. తడి గోనెపట్టా కప్పి ఉంచడం, వాడే ముందు మళ్లీ 50 గ్రాములు తూచి, 105 నుంచి 110 డిగ్రీల్లో ఆరబెట్టి తేమ చూడడం రెండూ అవసరమే.

తేమ తక్కువైతే అచ్చు అంచులు రాలి పోతలో ఇసుక చేరుతుంది. ఎక్కువైతే ఆవిరి బయటికి పోలేక బుడగలు నిలుస్తాయి. ఆ ఆవిరికి దారి ఉందో లేదో చెప్పేదే పర్మియబిలిటీ పరీక్ష: 50.8 మి.మీ. వ్యాసం, అంతే ఎత్తు ఉన్న ముద్దను మూడు దెబ్బలతో దట్టించి, 2000 ఘన సెంటీమీటర్ల గాలి దాని గుండా ఎంతసేపట్లో పోయిందో చూస్తారు. పీడనం చదరపు సెంటీమీటరుకు 10 గ్రాములు ఉంటే, 3007ను సెకన్లతో భాగిస్తే చాలు. 30 సెకన్లు పడితే వంద. తుంగభద్ర, పెన్న ఇసుక తెచ్చి నేరుగా వాడితే ఈ అంకె తగ్గిపోతుంది, చేసి చూడండి. ఏటి ఇసుకలో ఒండ్రు ఉంటుంది, రేణువులు రకరకాల సైజులు, చిన్నవి పెద్దవాటి సందుల్లో దూరి గాలి దారి మూసేస్తాయి. ఒండ్రు ఎంతో తేలాలంటే 50 గ్రాముల ఇసుకకు 475 మి.లీ. నీళ్లు, 25 మి.లీ. 3 శాతం కాస్టిక్ సోడా ద్రావణం కలిపి చిలికి, తేరాక పైనీళ్లు తీసేస్తూ, నీళ్లు తేటపడేదాకా కడగాలి. మిగిలింది ఆరబెట్టి తూస్తే తగ్గిన బరువే ఒండ్రు.

వెల్డింగు ల్యాబ్ తొందరగా దాటేద్దాం. 3.15 మి.మీ. రాడ్‌కు 90 నుంచి 130 ఆంపియర్లు, ఆర్క్ పొడవు రాడ్ మందమంత. ప్లేటు అంచున గాడి పడిందంటే కరెంటు ఎక్కువ లేదా ఆర్క్ పొడుగు. రెండో పొర వేసే ముందు స్లాగ్ (అతుకు మీద గట్టిపడిన చిట్టెం) పూర్తిగా కొట్టకపోతే అది లోపలే ఉండిపోతుంది.

పుస్తకాల వైపు వస్తే, నాణ్యత లెక్కల్లో జరిగే అతిపెద్ద తప్పు ఒకటుంది: కంట్రోల్ హద్దులను, డ్రాయింగు హద్దులను ఒకటే అనుకోవడం. డ్రాయింగు హద్దు కొనేవాడు చెప్పేది. కంట్రోల్ హద్దు యంత్రం చెప్పేది. 20 మి.మీ. పిన్ను, టాలరెన్స్ అటూ ఇటూ 0.05. ఐదేసి ముక్కల గుంపులు తీసి కొలిస్తే సగటు రేంజి (గుంపులో పెద్ద, చిన్న కొలతల తేడా) 0.04 వచ్చిందనుకోండి. దాన్ని ఐదు ముక్కల గుంపుకు పట్టికలో ఉన్న 2.326తో భాగిస్తే సిగ్మా (కొలతలు ఎంత చెదిరాయో చెప్పే అంకె) 0.0172. మనకు ఇచ్చిన జాగా 0.10, యంత్రానికి కావలసింది ఆరు సిగ్మాలు, అంటే 0.103. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చే సీపీ 0.97, ఒకటికన్నా తక్కువ. కంట్రోల్ చార్టు మీద ఒక్క చుక్క కూడా గీత దాటకపోవచ్చు, ప్రాసెస్ శాంతంగా అదుపులో ఉందనిపిస్తుంది, అయినా కొన్ని పిన్నులు పనికిరాకుండానే వస్తాయి. ఆపరేటర్‌ను తిట్టి లాభం లేదు, ఆ యంత్రానికి అంతకన్నా చేతకాదు.

అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తారు, శాంపిల్ తీయడం అంతే కదా అంటారు. ఎసరు సమంగా మరిగితేనే ఆ మెతుకు మాట నమ్మాలి. ఐదు ముక్కలూ వరసగా ఒకేసారి వచ్చినవై ఉండాలి. పొద్దున రెండు, సాయంత్రం మూడు ఏరి ఒక గుంపు చేస్తే ఎండ వల్ల వచ్చిన తేడా, టూల్ అరుగుదల తేడా అన్నీ రేంజిలో కలిసిపోయి హద్దులు వెడల్పవుతాయి. అప్పుడు చార్టు దేన్నీ పట్టుకోదు. ల్యాబ్‌లో పై ఏడాది రికార్డు చూసి వేసే కాకిలెక్కలు కూడా ఇట్టే దొరికిపోతాయి: అలాంటి చార్టులో చుక్కలన్నీ నడిమి గీతను అతుక్కుని బుద్ధిగా కూర్చుని ఉంటాయి. నిజమైన యంత్రం అంత బుద్ధిగా ఉండదు.

టైము లెక్కలకు ఉదాహరణ పెనుకొండ దగ్గరే ఉంది. ఎర్రమంచిలోని కియా కర్మాగారం సామర్థ్యం మొదట్లో ఏడాదికి 3 లక్షల కార్లని ప్రకటించారు. ఏడాదికి 300 పని దినాలు, రోజుకు మూడు షిఫ్టుల్లో కలిపి 1350 నిమిషాలు పని అని మనం అనుకుంటే, కారుకు 1.35 నిమిషాలు, అంటే 81 సెకన్లు. లైన్ మీద ఏ ఒక్క స్టేషన్‌లో పని 81 సెకన్లు దాటినా మొత్తం లైన్ ఆ స్టేషన్ వేగానికే దిగుతుంది. లైన్ బ్యాలెన్సింగ్ (స్టేషన్లకు పనిని సమంగా పంచడం) అధ్యాయం మొత్తం ఈ ఒక్క భాగహారం నుంచి పుడుతుంది. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీకి తీసుకెళ్తే ఈ కళ్లద్దాలు పనిచేయవు. అక్కడ ముక్కలు ఉండవు, 1450 డిగ్రీల దగ్గర కిల్న్‌లో (తిరిగే పెద్ద కొలిమి) నిరంతరం కదిలే పిండి ఉంటుంది. అక్కడ అడగవలసింది కిల్న్ ఒకసారి ఆగితే మళ్లీ వేడెక్కడానికి ఎంతసేపు, లోపలి ఇటుకలకు ఏమవుతుంది అని.

ప్రాజెక్టును బెంగళూరులో డబ్బు కట్టి కొనుక్కునే వాళ్లకు ఒక మాట: బేతంచెర్లకో, ఎర్రగుంట్లకో బస్సెక్కండి. నాపరాయి, కడప బండ పొరలు పొరలుగా విడిపోయే రాయి. మందం కోతతో కాక పొరతో వస్తుంది, అందుకే తేడా ఎక్కువ, అందుకే మనకు పాఠం. యజమానిని అడిగి 25 బండలు, నాలుగు మూలల దగ్గరా కొలవండి. అంచు పెచ్చు ఊడి ఉంటుంది కాబట్టి 50 మి.మీ. లోపలికి పెద్ద దవడల క్యాలిపర్ పెట్టాలి. మందం తేడా మిల్లీమీటర్లలో ఉంటుంది, 0.1 దాకా చదివితే చాలు. మట్టి, నీళ్ల పొర తుడవకపోతే అదే అర మిల్లీమీటరు చూపిస్తుంది. ఒక బండ నాలుగు మూలల మధ్య తేడా వేరుగా, బండకు బండకు మధ్య తేడా వేరుగా లెక్క కట్టండి. మొదటిది ఎక్కువైతే పొర విడదీసే తీరులో లోపం, రెండోది ఎక్కువైతే గనిలో పొరే మారుతోంది. ఒక్క జాగ్రత్త: అమ్మకానికి నిలబెట్టిన వరసలోంచి కొలవద్దు. అక్కడికి వచ్చేసరికి మందం చూసి ఏరి, జత కట్టేసి ఉంటారు. గనిలోంచి వచ్చిన బండి దింపేటప్పుడే, దించిన వరసలోనే, సుద్దముక్కతో నంబరు వేసుకుంటూ కొలవాలి.